పొట్టగోడ మీద మేడ

ఆ వీధిలో కొత్తవాళ్ళకు దారి చెప్పాల్సివస్తే ఇంటి నంబర్లు ఎవరూ చెప్పరు. "తిన్నగా వెళ్ళండి, పొట్టగోడ కనిపిస్తుంది, అక్కణ్ణుంచి మూడో గుమ్మం" అంటారు. పొట్టగోడ ఏమిటని మళ్ళీ అడిగినవాళ్ళు లేరు. వీధి పొడుగునా గోడలన్నీ బుద్ధిగా వరసలో నిలబడి ఉంటే, ఆ ఒక్క ఇంటి ముందు గోడ మాత్రం కడుపునిండా తిని కూర్చున్న మనిషిలా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. పూత లేదు, రంగు లేదు. బూడిదరంగు సిమెంటు ఇటుకలూ వాటి అతుకులూ ఉన్నవి ఉన్నట్టు బయటికే కనిపిస్తాయి.

ఆ గోడ వెనక పిండిమర. దాని వెనక రెండు గదులు, వంటిల్లు, పెరడు. మర నడిపేది ఇంటావిడే కాబట్టి వీధికంతటికీ ఆవిడ పిండిమరమ్మ. కనురెప్పల మీద, చెవుల వెనక, మెడ ముడతల్లో ఎప్పుడూ తెల్లటి పొడి ఉంటుంది. "శుభ్రంగా కడుక్కుని బయటికొస్తే నన్నెవరూ గుర్తుపట్టరు, ఎందుకొచ్చిన బాధ" అని డబ్బాలు పట్టుకొచ్చిన ఆడవాళ్ళతో పరాచికాలాడుతుంది. గోడ గురించి మాత్రం ఆవిడ దగ్గర పరాచికాలు కుదరవు. ఎందుకంటే ఆ గోడ కట్టింది ఆవిడే.

ఆవిడ భర్త వెల్డరు. పెళ్ళయిన కొత్తలో అద్దెగదిలో ఉండేవాళ్ళు. అతని తమ్ముడూ వాళ్ళతోనే ఉండేవాడు. అప్పటికింకా బస్సు డిపోలో క్లీనరు, తర్వాత డ్రైవరయ్యాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి, ఇద్దరి పేరునా, అప్పట్లో ఊరి చివర అనుకునే ఈ కాస్త స్థలం కొన్నారు. కొన్నాక ఇక మేస్త్రీని పిలిచే స్తోమత లేదు. ఇల్లు తామే కట్టుకోవాలి, ఇటుక కూడా తామే పోసుకోవాలి అనుకున్నారు. వెల్డరు తను పనిచేసే షాపులో మిగిలిన ఇనుపరేకులు అతికించి అచ్చు చేసి తెచ్చాడు.

పగలు ఎవరి పని వాళ్ళది. పొద్దువాలేసరికి ముగ్గురూ స్థలంలో చేరేవారు. సిమెంటూ ఇసుకా రాతిపొడీ తడిపొడిగా కలిపి అచ్చులో వేసి, కర్రతో దంచి, అచ్చు పైకి లాగితే ఇటుక నేల మీద మిగిలేది. కిటుకంతా ఆ లాగడంలోనే ఉంది. చెయ్యి కాస్త వణికినా ఇటుక మూల రాలిపోతుంది. వెల్డరుకు ఓపిక తక్కువ, తమ్ముడికి తొందర ఎక్కువ. అచ్చు లాగడం ఆవిడకే పడింది. పోసిన ఇటుకల మీద గోనెపట్టాలు కప్పి నీళ్ళు తడపడం మరిది వంతు. "వీటికి నీళ్ళు పట్టీ పట్టీ నాకు దాహం వేయడం మానేసింది వదినా" అనేవాడు.

అచ్చులో ఒక లోపం ఉంది. వెల్డింగు వేడికి రేకు ఒక వైపు లాక్కుపోయింది. దాంతో ప్రతి ఇటుకకూ ఒక మొహం పొడుగు, దాని వెనక మొహం అర అంగుళం పొట్టి. పేర్చేటప్పుడు ఒకటి అటూ ఒకటి ఇటూ తిప్పి పెడితే తేడా సర్దుకుపోయేది. వెనక రెండు గదులూ అలాగే లేచాయి, తిన్నగా.

ముందు గది గోడ దగ్గరికొచ్చేసరికి అన్నదమ్ములు గేట్లు బిగించే పని మీద పొరుగూరు వెళ్ళారు. మబ్బులు కమ్ముతున్నాయి. ఆవిడకు ఊరికే కూర్చోవడం చేతకాదు. వాళ్ళు తిరిగొచ్చేలోపు గోడను నడుమెత్తు లేపి నోళ్ళు వెళ్ళబెట్టించాలనుకుంది. ఇటుకలు తిప్పి తిప్పి చూసింది. పొడుగు మొహం అచ్చులో కొత్త రేకు ఉన్న వైపుది, నున్నగా ఉంది. పొట్టి మొహం గరుకు. వీధిన పోయేవాళ్ళకు నున్నటి వైపు కనబడితే బాగుంటుంది కదా అని అన్ని ఇటుకలూ అలాగే పెట్టింది. లోపల కాస్త చోటు కలిసొస్తుందని మధ్య ఇటుకను పునాది అంచుదాకా జరిపి, అక్కణ్ణుంచి రెండు వైపులకూ పేర్చుకుంటూ పోయింది. వరస తిన్నగా ఉందో లేదో దారం కట్టి చూసుకోవాలని తెలియక కాదు. దారపు ఉండ మరిది సంచిలో వెళ్ళిపోయింది. వరస రెండు చివర్లూ లోపలికి తిరిగి, మూలల్లో ఉన్న స్తంభాలకు వాటంతట అవే వెళ్ళి ఆనుకున్నాయి. అది చూసి, ఎంత చక్కగా కుదిరిందో అని తనను తానే మెచ్చుకుంది. దగ్గర కూర్చుని పనిచేసే మనిషికి వంపు కనపడదు మరి.

వెల్డరు వచ్చి వీధిలో నిలబడి చూశాడు. నవ్వడం మొదలుపెట్టి, నవ్వలేక కంకరకుప్ప మీద కూలబడ్డాడు. "ఏమే, గోడకు నెలలు నిండాయా?"

"వదిన మనసులాంటిదే వదిన గోడ కూడా. ఇంకొకరు గీసిన గీతలో ఇమడదు" అన్నాడు మరిది.

"ఆహా! దారం నీ సంచిలో, తప్పు నా నెత్తినా?" అంది ఆవిడ, కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ.

ఆ మాట ఆ ఇంట్లో అలా నిలిచిపోయింది. పాలు పొంగినా, బస్సు తప్పినా, ఎవరి మీదికి ఏ నింద వచ్చినా "దారం ఎవరి సంచిలో ఉంది?" అనుకుని నవ్వుకునేవారు.

సిమెంటు గట్టిపడిపోయింది. పడగొడితే ఇటుకలు చేతికి రావు. "ఉండనీ, నిలబడింది కదా. పడుకున్నప్పుడు చూద్దాం" అన్నాడు వెల్డరు. మిగతా ఎత్తు ముగ్గురూ కలిసి అదే వంపులో లేపారు. శ్లాబు అంచూ అదే వంపున పోశారు. కట్టాక తెలిసింది, ఆ గదిలో బీరువా గోడకు ఆనదు, మంచమూ ఆనదు. గది మధ్యలో పిండిమర పెట్టింది అందుకే. దానికి గోడతో పనిలేదు.

శ్లాబు పోసిన సాయంత్రం స్తంభాల్లోంచి ఇనుప చువ్వలు పైకి వదిలేశాడు వెల్డరు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి చూపించాడు. "కింద మేము. పైన నువ్వు. ఇవిగో, నీ ఇంటి కాళ్ళు."

ఆ మాట పట్టుకుని మరిది డ్యూటీ దిగి వచ్చి తన మేడ కోసం ఇటుకలు పోస్తూనే ఉన్నాడు. పెరట్లో గోడవారగా పేర్చాడు. పెళ్ళయ్యాక కూడా కొన్నాళ్ళు పోశాడు. తర్వాత డిపో వెనక కంపెనీ క్వార్టర్సు ఇచ్చారు, పిల్లల చదువులొచ్చాయి. మేడ వచ్చే ఏడుకు, ఆపై ఏడుకు జరుగుతూ పోయింది. చువ్వలు తుప్పుపట్టాయి. వాననీళ్ళు దిగకుండా వాటికి ఖాళీ సీసాలు బోర్లించారు. పిండిమరమ్మ వాటికే తాడు కట్టి బట్టలు ఆరేసుకునేది. పెరట్లో ఇటుకలకు పాచిపట్టింది. వెల్డరు ఊపిరితిత్తులు పాడై మంచాన పడి, మాట పడిపోయి, కన్నుమూసే ముందు తమ్ముడి వైపు చూపించి, కళ్ళతో పైకప్పు చూపించాడు. అర్థం కాకపోవడానికేముంది.

ఇన్నాళ్ళకు ఆ మేడ అవసరం నిజంగా వచ్చిపడింది. మరిది ఉద్యోగం ఈ ఏడాదితో సరి. క్వార్టర్సు ఖాళీ చేయాలి. సరిగ్గా అప్పుడే ఒక ఉదయం మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి రోడ్డు వెడల్పు చేస్తున్నామని పొట్టగోడ మీద పసుపురంగు గుర్తు వేసి పోయారు. ముందు గది మొత్తం పోతుంది.

పిండిమరమ్మకు అన్నం సహించడం మానేసింది. గిరాకీ వచ్చిన ప్రతిసారీ చేతులు దులుపుకుంటూ బయటికి వెళ్ళి ఆ గుర్తు చూసివచ్చేది, ఎవరైనా వచ్చి చెరిపేశారేమో అన్నట్టు.

అలాంటి రోజుల్లో ఒక అమ్మాయి వచ్చింది. మెడలో కెమెరా, చేతిలో కొలత టేపు. పాతకట్టడాల ఆఫీసు నుంచి సర్వేకు వచ్చానంది. గోడ ముందు అటూ ఇటూ తిరిగి, అరచేతితో తడిమి, లోపలికి తొంగిచూసింది.

"అమ్మా, ఈ గోడ ఎవరు కట్టారు?"

పిండిమరమ్మ మర ఆపింది. ప్రశ్న వెనక నవ్వుందేమోనని మొహంలోకి చూసింది. లేదు.

"ఎవరో తెలిస్తే ఏం చేస్తావు? కేసు పెడతావా?"

"లేదమ్మా. ఒకసారి చెయ్యి కలుపుదామని."

పిండి చెయ్యే చాచింది ఆవిడ. ఆ అమ్మాయి తుడుచుకోలేదు.

కూర్చుని మొత్తం చెప్పించుకుంది. అచ్చు, నీళ్ళు తడపడం, నున్నటి మొహం, దారపు ఉండ. దారం దగ్గరికొచ్చేసరికి పడీ పడీ నవ్వింది గానీ, ఆ నవ్వు గుచ్చుకునే నవ్వు కాదు. తర్వాత తను చెప్పింది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల వీధులన్నీ ఇలా పనివాళ్ళు సొంతంగా ఇటుక పోసుకుని కట్టుకున్నవేనట. కొన్ని పడగొట్టారు, కొన్నింటికి పైన పూత పూసి అవి ఏమిటో తెలియకుండా చేశారు. పోసిన ఇటుక పోసినట్టే కనిపిస్తూ మిగిలింది ఇదొక్కటేనట.

"పెద్దపెద్ద భవనాలకు కట్టించినవాళ్ళ పేర్లు ఉంటాయమ్మా. కానీ ఊరిలో సగం మీలాంటివాళ్ళు పొద్దువాలాక కట్టుకున్నదే. దానికి గుర్తు ఒక్కటైనా ఉండొద్దా? దీనికి వారసత్వ విలువ ఉందని మేం రాస్తాం. నమోదైతే రోడ్డును ఇక్కడ పక్కకు తిప్పాల్సిందే. గోడ జోలికి ఎవరూ రారు."

వారసత్వమంటే అన్నదమ్ముల తగువులే ఆవిడకు తెలుసు. అయినా ఆ గోడను ఒకరు తప్పు అనకుండా మాట్లాడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు ముంచుకొచ్చింది.

"మంచినీళ్ళు తాగుతావా తల్లీ?"

"తాగుతాను. కానీ ఇంకో మాట కూడా చెప్పాలి. వాళ్ళూ ముట్టుకోరు, మీరూ ముట్టుకోకూడదు. పూత పూయకూడదు, పడగొట్టకూడదు. లోపల మీరెలా ఉంటారో మీ ఇష్టం. పైన మాత్రం ఏమీ కట్టకూడదు."

నీళ్ళగ్లాసు ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

"పైన చువ్వలున్నాయి" అంది మెల్లగా.

"చూశాను. అవీ అలాగే ఉండాలి. పెరట్లో ఇటుకలు కూడా. ఒకే అచ్చులో పోసినవి కదా, ఇంటితో పాటే లెక్క." ఆ అమ్మాయి ఆవిడ మొహం చూసి ఆగింది. "ఇద్దరి పేరునా ఉన్న ఇల్లట కదమ్మా. ఇద్దరూ ఒప్పుకుంటేనే. తొందరేం లేదు, మాట్లాడుకోండి."

మరిది సెలవురోజున భార్యతో వచ్చాడు. పిండిమరమ్మ విషయం చెప్తూ, గోడను మెచ్చుకున్న సంగతి ముందు చెప్పి, మేడ సంగతి చివర్న చెప్పింది. ఆ వరస అతనికి దొరికిపోయింది.

"అంటే నీ గోడ బతకాలంటే నా ఇల్లు చావాలి."

"అలా ఎందుకంటావు..."

"మరెలా అనాలి వదినా? రోడ్డు వాళ్ళు ముందు గది తీసుకుంటే తీసుకోనీ. వెనక రెండు గదులూ గట్టిగా ఉన్నాయి. వాటి మీద నేను వేసుకుంటాను. ఎవరినీ అడగక్కర్లేదు."

"ముందు గది పోతే మర ఎక్కడ పెట్టను? మర లేకపోతే నేనేం చేసుకుని తినాలి?"

"నేను పెట్టనా?"

"నువ్వు పెడితే తినడానికి నాకు చేతుల్లేవా?"

తోటికోడలు అంతసేపూ కొంగు అంచు మడతపెడుతూ విప్పుతూ కూర్చుంది. అప్పుడు అంది, ఎవరి వైపూ చూడకుండా. "అక్క అదృష్టవంతురాలు. అక్క గోడకు కూడా దిక్కున్నది. మాకు మనుషులకే లేదు."

పిండిమరమ్మకు చర్రున మండింది. "ఇన్నేళ్ళూ మేడ వేసుకోవద్దని నేను అడ్డుపడ్డానా? చువ్వలు అక్కడే ఉన్నాయి, ఇటుకలు ఇక్కడే ఉన్నాయి. వేసుకోకపోవడం మీ చేతగానితనం."

ఆ మాట నోరు దాటగానే నాలుక కరుచుకుంది. ఏ ఏడు ఏ ఫీజుకు, ఏ ఆసుపత్రికి ఆ మేడ వాయిదా పడుతూ వచ్చిందో ఆవిడకు తెలియనిది కాదు. అందులో ఒక ఆసుపత్రి తన భర్తది.

మరిది లేచి పెరట్లోకి వెళ్ళాడు. ఆ ఇటుకల వైపు చూస్తూ నిలబడ్డాడు. "నేను దంచిన ఇటుక. నేను తడిపిన ఇటుక. ఇప్పుడు దీని మీద నేను చెయ్యి వేయాలంటే ఆఫీసు వాళ్ళు ఒప్పుకోవాలి." వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగాడు. "ఆనాడు నువ్వు ఇటుక తిప్పి పెట్టుంటే గోడ తిన్నగా ఉండేది వదినా. తిన్నటి గోడ కోసం ఎవరూ వచ్చేవారు కాదు."

దారం ఎవరి సంచిలో ఉందని ఆవిడ అడగలేదు.

ఆ తర్వాత అతను రాలేదు. ఫోను చేస్తే తోటికోడలు ఎత్తి "డ్యూటీలో ఉన్నారక్కా" అనేది. వెనక అతని దగ్గు వినిపిస్తూనే ఉండేది.

సర్వే అమ్మాయి మళ్ళీ వచ్చింది, పెరడు కొలుచుకోవడానికి. ఒప్పుకున్నారా అని అడగలేదు. మొహం చూస్తేనే తెలిసినట్టుంది. పెరట్లో పేర్చిన ఇటుకల దగ్గర కూర్చుని చిన్న కుంచెతో పాచి గీకింది. ఒకటి, ఇంకొకటి. తర్వాత గబగబా వరసంతా గీకింది.

"అమ్మా, ఈ ఎర్రచుక్క ఏమిటి?"

పిండిమరమ్మ వంగి చూసింది. ప్రతి ఇటుకకూ ఒక పక్క ఎర్రచుక్క. వెల్డరు గేట్లకు పూసే రెడ్ ఆక్సైడు రంగు. బొటనవేలితో అద్దినట్టుంది. అద్ది ఎన్నేళ్ళయిందో, పాచి కింద చెక్కుచెదరలేదు.

"తెలియదు తల్లీ. ఇవి నేను పోసినవి కావు."

"గోడలో ఇటుకలకు లేదు. వీటికే ఉంది. అన్నింటికీ పొట్టి వైపే ఉంది."

ఆవిడ కూడా కిందికి కూర్చుంది. కొంగుతో ఒక్కో ఇటుకా తుడిచి చూసింది. పొట్టి వైపే. అన్నింటికీ. సాయంత్రం మరకు తాళం వేసి, మొహం కడుక్కుని, డిపో వైపు బస్సెక్కింది.

క్వార్టర్సులో సామాను సగం మూటలు కట్టి ఉంది. ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియని మూటలు. మరిది గుమ్మంలో కూర్చుని డ్యూటీ బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. లేచి నిలబడ్డాడు గానీ రమ్మనలేదు. తోటికోడలే చాప వేసింది.

"పెరట్లో ఇటుకలకు ఎర్రచుక్క ఎందుకు పెట్టావు?"

అతను మళ్ళీ బూటు అందుకున్నాడు. "గుర్తుకు."

"ఏం గుర్తు?"

"పొట్టి వైపు ఏదో చీకట్లో కూడా తెలియాలిగా."

"అదే, ఎందుకు తెలియాలి? ఒకటి అటూ ఒకటి ఇటూ తిప్పి పెడితే చాలు కదా."

అతను బూటు కింద పెట్టాడు. "చాలదు. నీ గోడ మీద నా గోడ కూర్చోవాలంటే అదే వంపు రావాలా, వద్దా? కింద పొట్టా, పైన పలకా అయితే చూసేవాళ్ళు నవ్వరూ?"

"ఇన్నేళ్ళూ నవ్వింది నువ్వే కదయ్యా."

"నేను నవ్వడం వేరు."

తోటికోడలు వంటింట్లోంచే అంది. "డ్యూటీ దిగి అన్నం తినకుండా అటే పోయేవారక్కా. ఇంకేం మనిషని నేను ఏడ్చేదాన్ని. మేడ మీద గోడ కూడా వంకరగానే వస్తుందట, అలా వస్తేనే వాళ్ళన్నయ్యకు నచ్చుతుందట."

పిండిమరమ్మ చాప అల్లికను వేలితో గీకుతూ కూర్చుంది. దార్లో బస్సులో అనుకున్న మాట ఒకటుంది. దాన్ని బయటికి తీసింది.

"ఆ అమ్మాయికి వద్దని చెప్పేస్తాను. గోడ పోనీ. వెనక గదుల మీద మేడ వేసుకో."

"మర?"

"ఎక్కడో ఒకచోట అద్దెకు తీసుకుని పెడతాను."

మరిది తల అడ్డంగా ఊపాడు. కోపం తగ్గలేదు, దాని దారి మాత్రం మారింది. "ఆ గోడ నా కోసం పడగొట్టారని వీధంతా అనాలి. ఆ మాట వింటూ నేను పైన పడుకోవాలి. అన్నయ్య నవ్వుతూ కూలబడ్డది ఆ గోడ ముందే. అది రోడ్డు కింద పడి ఉంటే, దాని మీంచి బస్సు నడపమంటావా?"

"ఏదీ ఒద్దంటే ఎలా? గోడా ఉండాలి, మేడా రావాలి అంటే కుదరదయ్యా. పైన లేదు. లేదంటే లేదు. కింద ఉంది. కిందే పంచుకుందాం. వెనక రెండు గదులూ వంటిల్లూ మీరు తీసుకోండి."

"కింద నీది. అన్నయ్య అన్న మాట అది కాదు."

"మీ అన్నయ్య అన్న మాటలో రోడ్డు లేదు, ఆఫీసూ లేదు. ఉంటే ఇంకోలా అనేవాడు."

"నువ్వెక్కడ ఉంటావు?"

"మర గదిలో."

"ఆ గదిలో మంచం ఆనదు."

"మంచం ఆనకపోతే నేను ఆనుకుంటాను. నా గోడే కదా."

తోటికోడలు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె మొహంలో సంతోషం లేదు. సొంతిల్లు, సొంత మెట్లు, పైనుంచి సొంతంగా చూసే వీధి, వీటి కోసం ఎదురుచూసిన మనిషికి ఇంకొకరు ఖాళీచేసిన గదులు ఇస్తామంటే వచ్చే మొహం అది. అయినా అంది. "అక్కా, వంట ఇద్దరిదీ ఒకటేనా, వేరా?"

"నీ ఇష్టం."

"వేరు" అంది తోటికోడలు వెంటనే. తర్వాత, "కూర నేను ఇస్తాను" అంది.

మరిది బూట్లు రెండూ జతగా గోడవారన పెట్టాడు. "సంతకం పెడతాను వదినా. సంతోషంగా పెట్టానని మాత్రం ఎవరితోనూ అనకు."

"అనను. నేనూ అలాగే పెడుతున్నాను."

సామాను వచ్చిన రోజున సగం వీధి గుమ్మాల్లో నిలబడి చూసింది. తోటికోడలి బీరువా వెనక గదిలో గోడకు ఆనుకుని నిలబడితే ఆమె దాన్ని చేత్తో తోసి చూసింది, కదలలేదు. కొంత స్థిమితపడింది. ముందు గదిలో పిండిమరమ్మ మంచానికి తలవైపూ కాళ్ళవైపూ గోడకు తగిలాయి, మధ్యలో జానెడు సందు మిగిలింది. ఆ సందులో కళ్ళజోడు పడుతుంది, తలగడ పడుతుంది, ఒకోసారి నిద్రలో చెయ్యి జారిపోతుంది. జారిన చేతికి ఇటుకల గరుకు మొహం తగులుతుంది. వీధికి నున్నటి వైపు చూపించి గరుకు వైపు తనకే ఉంచుకుందన్న సంగతి ఆవిడకు అప్పటిదాకా తట్టలేదు.

వెనక గదుల్లో గొంతు తగ్గించి మాట్లాడుకునే మాటలు ఆవిడకు వినిపిస్తాయి. ఉన్నట్టుండి ఆగిపోతాయి. ఆవిడ తెల్లారి మర వేస్తే అటు పక్క తలుపు కొంచెం గట్టిగా మూసుకుంటుంది. కూర మాత్రం మాట ప్రకారం వస్తూనే ఉంది, గిన్నె మీద మూతతో.

నమోదు పూర్తయ్యాక ఆఫీసు వాళ్ళు ఇత్తడి పలక పంపించారు. బిగించడానికి వచ్చినతను పలకను గోడకు పెట్టి చూసి తల గోక్కున్నాడు. మధ్యలో ఆనింది, రెండు అంచులూ గాల్లో ఉన్నాయి. అటు నొక్కితే ఇటు లేస్తుంది.

"గోడ వంకరగా ఉందమ్మా" అన్నాడు.

"నిజమా?" అంది పిండిమరమ్మ. "ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే!"

సర్వే అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బిగించేవాడు పలకనే వంచుతానన్నాడు, వంచితే అక్షరాలు చెడతాయని ఆ అమ్మాయి వద్దంది. గోడకు ఒక ముద్ద సిమెంటైనా కొత్తగా పెట్టొచ్చా అని ఆమె ఫోనులో ఎవరినో అడుగుతూ ఉండగానే, మరిది లోపల్నుంచి తాపీ, ఒక చిప్పలో కలిపిన సిమెంటు తెచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా పలక అంచుల వెనక సందులో మెల్లగా కూరాడు. వేలితో అంచు తీర్చాడు. ఆవిడ చెయ్యి చాచి పలకను అదిమిపట్టింది.

"తిన్నగా ఉందా?" అన్నాడు.

"దారం తెచ్చావా?"

అతను నవ్వలేదు. "నీకెందుకు? తప్పు ఎలాగూ నా నెత్తినే వేస్తావు" అన్నాడు.

సొంత చేతులతో ఇటుక పోసుకుని ఒక కుటుంబం కట్టుకున్న ఇల్లు అని పలక మీద రాసి ఉంది. తోటికోడలు దాన్ని చదివి "మేడ సంగతి రాయలేదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం గాలీ వానా వచ్చి వెలిశాయి. పిండిమరమ్మ బట్టలు తీయడానికి పైకి వెళ్ళబోతే మెట్ల మీంచి మరిది దిగి వస్తున్నాడు. చేతులు తడిగా ఉన్నాయి, తుప్పు అంటి ఉంది.

"ఏం చేస్తున్నావు పైన?"

"సీసాలు రెండు గాలికి పడిపోయాయి. మళ్ళీ బోర్లించాను."

"ఇంకా ఎందుకయ్యా వాటికి?"

"నీళ్ళు దిగితే తుప్పు కిందికి పాకుతుంది వదినా" అన్నాడు అతను, ఆవిడను దాటుకుని వెళ్తూ. "గోడకు మంచిది కాదు."